ముందు తూకం వేయండి: కాలేజీ ప్రాంగణాల్లో చెత్త, కరెంటు, నీళ్ళపై శ్రోతల ప్రశ్నలు

వ్యాఖ్యాత: నమస్కారమండీ. రోహిణి కార్తె ఎండలు మండిపోతున్నాయి. కాలేజీలకు సెలవులు, హాస్టళ్ళు సగం ఖాళీ. మరమ్మతులు, మార్పులు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. విశ్వవిద్యాలయాలు, కాలేజీల ప్రాంగణాల్లో చెత్త, కరెంటు, నీళ్ళు వృథా కాకుండా ఏం చేయాలో చెప్పడానికి పర్యావరణ ఇంజినీరు మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు బ్రాడీపేట నుంచి. చెప్పండి సార్.

శ్రోత (బ్రాడీపేట): నమస్కారం మేడమ్. నేను హాస్టల్ వార్డెన్‌ని. 800 మంది పిల్లలు. మెస్సులో మిగిలిన అన్నం, కూరలతో నడిచే గ్యాస్ ప్లాంటు పెట్టించాం. మొదట్లో బాగానే మండింది. రెండు నెలలుగా పుల్లటి కంపు, పొయ్యి అంటుకోవట్లేదు. మూసేద్దామంటున్నారు.

ఇంజినీరు: మూయకండి సార్, అది బాగుపడే జబ్బే. ట్యాంకు ఎంతది? రోజుకు ఎన్ని కిలోలు వేస్తున్నారు?

శ్రోత: ట్యాంకు 8 ఘనపు మీటర్లు. వేసేది తూచమండీ. ఎన్ని డ్రమ్ములొస్తే అన్నీ వేసేస్తారు. ఆదివారం బిర్యానీ, ఆరోజు బాగా ఎక్కువ.

ఇంజినీరు: అక్కడే తేడా వచ్చింది. లెక్క చూడండి. 100 కిలోల ఎంగిలికి 100 లీటర్ల నీళ్ళు కలిపితే రోజుకు 200 లీటర్లు లోపలికి వెళ్తుంది. ఆ సరుకు కనీసం 40 రోజులు లోపల ఉండాలి. 200ని 40తో గుణిస్తే 8,000 లీటర్లు. అంటే మీ ట్యాంకు రోజుకు 100 కిలోలకే సరిపోతుంది. ఆదివారం 200 కిలోలు పడేస్తే ఏమవుతుందంటే, అన్నాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు చకచకా పనిచేసి ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లాన్ని తిని గ్యాస్ ఇచ్చేవి వేరే జాతి, అవి చాలా నెమ్మది. ఆమ్లం పేరుకుపోయి వాటినే చంపేస్తుంది. మీకొచ్చే పుల్లటి కంపు ఆ ఆమ్లానిదే.

శ్రోత: మరిప్పుడేం చేయమంటారు?

ఇంజినీరు: మేత పూర్తిగా ఆపండి. బయటికొచ్చే ద్రవంలో పీహెచ్ కాగితం, అంటే ఆమ్లం ఎంతుందో చూపే కాగితం, ముంచి చూడండి. 7 దగ్గర ఉండాలి, మీది 6 లోపు ఉండొచ్చు. సున్నం నీళ్ళలో కలిపి, తేరిన తేటను రోజుకు కొంచెం కొంచెంగా పోయండి. ఒకేసారి బకెట్ల కొద్దీ పోస్తే అటు నుంచి దెబ్బతింటుంది. పశువుల పాక నుంచి తాజా పేడ తెచ్చి, సమానంగా నీళ్ళు కలిపి 200 లీటర్ల దాకా పోయండి. మన ఎండలకు రెండు మూడు వారాల్లో మళ్ళీ మండుతుంది. మంట ట్యాంకు దగ్గర ఎప్పుడూ పరీక్షించకూడదు, పొయ్యి దగ్గరే వెలిగించి చూడాలి. నీలంగా నిలకడగా మండాక 10 కిలోలతో మొదలుపెట్టి, వారానికి 20 కిలోల చొప్పున పెంచండి.

శ్రోత: ఏవి వేయకూడదండీ?

ఇంజినీరు: నిమ్మ చెక్కలు, ఉల్లి తొక్కలు, గుడ్డు పెంకులు, ఎముకలు, విస్తరాకులు. పులుసు, చారు, పచ్చడి వడకట్టి పారబోయండి, గట్టి సరుకే వేయండి. బిర్యానీ నూనె పైకి తేలి తెట్టులా గడ్డకడుతుంది. గ్యాస్ పైకి రాకుండా ఆ తెట్టే అడ్డుపడుతుంది. వారానికోసారి కదిలించే కర్రతో తిప్పాలి. గ్యాస్ పైపును ట్యాంకు వైపు వాలుగా వేయించండి, లేకపోతే ఆవిరి చల్లారి నీళ్ళై మధ్యలో నిలిచిపోతుంది. పైపు దారిలో ఇనుప రజను నింపిన డబ్బా పెడితే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే వాయువును అది పట్టేస్తుంది, బర్నర్లు తుప్పు పట్టవు. సరిగ్గా నడిస్తే 100 కిలోలకు 8 నుంచి 10 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది, అంటే సుమారు 4 కిలోల వంటగ్యాస్. 19 కిలోల సిలిండరు ఐదు రోజులకొకటి మిగిలినట్టు.

ఇంకొక్కమాట సార్, ఇది ప్లాంటు కన్నా ముఖ్యం. వారం రోజులు మూడు డ్రమ్ములు విడివిడిగా తూచండి: కూరగాయల చెత్త ఒకటి, వండి వడ్డించకుండా మిగిలింది ఒకటి, కంచాల్లో వదిలేసింది ఒకటి. మూడింటికీ మందు వేరు. వండింది మిగిలితే తప్పు తల లెక్కది. శనివారం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళ పేర్లు సాయంత్రం నాలుగింటికల్లా వంటవాళ్ళకు చేరాలి, అన్నం విడతలుగా వార్చాలి. కంచాల్లో మిగిలితే ఏ రోజు ఏ కూర అని రాసుకోండి, వారానికే తెలిసిపోతుంది. పారేసిన అన్నం నుంచి గ్యాస్ తీయడం మంచిదే కానీ, ఆ బియ్యం పండించడానికి పోసిన కాలవ నీళ్ళు ఏ ప్లాంటూ వెనక్కి ఇవ్వలేదు.

వ్యాఖ్యాత: తర్వాత విజయవాడ పటమట నుంచి.

శ్రోత (పటమట): మేడమ్, కాలేజీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. మేడ మీద 100 కిలోవాట్ల సోలార్ పెట్టాం. ఉత్పత్తి బాగానే వస్తోంది, బిల్లు మాత్రం అనుకున్నంత తగ్గలేదు.

ఇంజినీరు: మీది హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్ కదా? బిల్లులో పవర్ ఫ్యాక్టర్, అంటే గ్రిడ్ నుంచి తీసుకున్న మొత్తంలో అసలు పనిచేసే కరెంటు వాటా, ఎంతుందో చూశారా?

శ్రోత: ఇంతకుముందు 0.97 ఉండేది. ఇప్పుడు 0.85.

ఇంజినీరు: అదే కారణం. సోలార్ నుంచి వచ్చేది అసలు పనిచేసే కరెంటు. మోటార్లకు, ఏసీలకు అయస్కాంత క్షేత్రం కోసం కావాల్సిన, నేరుగా పనిచేయని రియాక్టివ్ భాగం మాత్రం ఇంకా గ్రిడ్ నుంచే తీసుకుంటున్నారు. గ్రిడ్ మీటరుకు ఆ నిష్పత్తి పాడైనట్టు కనిపిస్తుంది. హెచ్‌టీలో బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే ఈ రెండు భాగాలూ కలిసిన లెక్క మీద వేస్తారు కాబట్టి 0.85 దగ్గర 100 యూనిట్లు వాడితే 117 దాకా పడతాయి. ఆ రియాక్టివ్ భాగాన్ని మీ దగ్గరే సమకూర్చే కెపాసిటర్ ప్యానెల్ తెరిచి ఒక్కొక్క బ్యాంకు ఎంత ఆంపియర్లు తీసుకుంటోందో క్లాంప్ మీటరుతో చూడండి. ఉబ్బినవి, కరెంటు తీసుకోనివి మార్చండి. మీ ఇన్వర్టర్లలో పవర్ ఫ్యాక్టర్ సెట్టింగు ఉంటే, పెట్టినవాళ్ళతో మాట్లాడి సరిచేయించండి.

శ్రోత: పలకలు వారానికోసారి కడుగుతున్నాం మేడమ్.

ఇంజినీరు: తెల్లవారుజామునే కడగండి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు కొడితే పగుళ్ళొస్తాయి. బోరు నీళ్ళు ఆరితే తెల్ల మరకలు కడతాయి, వెంటనే రబ్బరు పట్టీతో లాగేయాలి. నీళ్ళ ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా ఆ వరస మొత్తం కుంటుపడుతుంది, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పైకెక్కి చూడండి.

సోలార్ ఒక్కటే చాలదు. ఆదివారం రాత్రి పదింటికి, సోమవారం పొద్దున ఆరింటికి మీటరు రీడింగు తీసుకోండి. తేడాను మీటరు గుణకంతో, అంటే అసలు వాడకం తేలడానికి రీడింగును హెచ్చించాల్సిన అంకెతో, గుణించి ఎనిమిదితో భాగించండి. ఎవరూ లేని రాత్రి గంటకు ఎన్ని యూనిట్లు పోతున్నాయో తేలుతుంది. గుణకం మర్చిపోయి "ఏమీ పోవట్లేదు" అనుకోవడం మామూలే. తర్వాత అదే రాత్రి ఫీడర్లు, అంటే ఒక్కో భాగానికి వెళ్ళే కరెంటు లైన్లు, ఒక్కొక్కటి ఆపుతూ పోతే దొంగ దొరుకుతాడు: వాటర్ కూలర్లు, ల్యాబ్ కంప్యూటర్లు, వరండా దీపాలు.

శ్రోత: ఫ్యాన్లు మార్చమంటారా?

ఇంజినీరు: హాస్టల్లో ముందు మార్చండి. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 28. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు అర యూనిట్ పైనే మిగులుతుంది. 500 ఫ్యాన్లకు రోజుకు 280 యూనిట్లు. కానీ రిమోట్ రకం కొనకండి. పిల్లల గదుల్లో రిమోట్లు నెలకే పోతాయి, ఫ్యాను ఒకే వేగంలో ఆగిపోతుంది. గోడ స్విచ్చుతోనే వేగం మారే రకం అడగండి.

వ్యాఖ్యాత: గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒక విద్యార్థిని. చెప్పమ్మా.

శ్రోత (లక్ష్మీపురం): మేడమ్, మా ఎన్‌ఎస్‌ఎస్ తరఫున జూన్ 5న 300 మొక్కలు నాటుతున్నాం. పోయినేడు నాటినవి చాలావరకు ఎండిపోయాయి.

ఇంజినీరు: జూన్ 5 అంటే ఇంకా రోహిణి కార్తె తల్లీ. ఆరోజు గుంతలు తవ్వండి, మొక్కలు ఆరుద్ర వానలు పడ్డాక నాటండి. రెండడుగుల గుంత, నల్లరేగడి మట్టి సగం, ఇసుక పావు, ఎరువు పావు. నల్లరేగడి ఎండితే బీటలు వారి వేళ్ళను తెంపేస్తుంది, అందుకే ఇసుక. 300 వద్దు, 60 నాటండి, ఐదడుగుల ఎత్తు మొక్కలు. ఒక్కోదానికి ఒక విద్యార్థి, వేసవిలో వారానికి రెండుసార్లు ఒక్కో బకెట్ నీళ్ళు. వేప, కానుగ, పొగడ, నేరేడు మంచివి. దారుల పక్కన తురాయి, నిద్రగన్నేరు వద్దు, తుఫాను గాలికి కొమ్మలు విరుగుతాయి. రావి కట్టడాలకు దూరంగా.

శ్రోత: రాలిన ఆకులు కాల్చేస్తున్నారు మేడమ్.

ఇంజినీరు: కాల్చనివ్వకండి, అది బంగారం. మూడు బకెట్ల ఎండాకుకు ఒక బకెట్ కూరగాయల చెత్త, పొరలు పొరలుగా. కుప్ప మీటరు ఎత్తు, మీటరు వెడల్పుకు తగ్గకూడదు, చిన్నదైతే వేడెక్కదు. తడి ఎలా చూడాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండు. వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకు కలుపు, పొడిగా రాలిపోతే నీళ్ళు చల్లు. వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో ఎరువు. కంపు కొట్టిందంటే ఎండాకు తక్కువైందని గుర్తు.

వ్యాఖ్యాత: గుంటూరు కొరిటెపాడు నుంచి.

శ్రోత (కొరిటెపాడు): ప్రాంగణంలో ఇంకుడు గుంతలు తవ్వించాం మేడమ్. వానకు నిండి అలాగే నిలబడి ఉంటున్నాయి, దోమలు.

ఇంజినీరు: గుంత ఎంతది? పైకప్పు ఎంత?

శ్రోత: ఆరున్నర అడుగుల చదరం, అంతే లోతు. కప్పు 1,000 చదరపు మీటర్లు.

ఇంజినీరు: 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ కప్పు మీంచి చిందేది, ఆవిరయ్యేది పోను 40,000 లీటర్లు వస్తాయి. మీ గుంతలో రాళ్ళు పోను ఖాళీ 3,000 లీటర్ల పైచిలుకు. పైగా నల్లరేగడి తడిస్తే ఉబ్బి తలుపు వేసినట్టు మూసుకుపోతుంది. ఎంత లోతు తవ్వినా ఆ మట్టిలోనే ఉంటే ఇంకదు. గుంత మధ్యలో ఆరంగుళాల బోరు వేసి, మట్టి దాటి ఇసుక పొర తగిలేదాకా దింపండి. చిల్లుల పైపుకు నైలాన్ జల్లెడ చుట్టండి. చుట్టూ కింద 40 మిల్లీమీటర్ల కంకర, మధ్యలో 20, పైన ముతక ఇసుక. కప్పు నుంచి వచ్చే గొట్టానికి పక్కదారి పెట్టి తొలి వాన వదిలేయండి, అందులో దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి. రోడ్డు మురుగు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు, నేరుగా భూగర్భజలంలోకి పోతుంది.

పని అయ్యాక ట్యాంకరు నీళ్ళు పోసి, గంటకు ఎంత దిగిందో కర్రతో కొలవండి. కొలవకుండా కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వకండి. ఏటా మే నెలలో పై ఇసుక రెండంగుళాలు గీకి మార్చాలి. ఒకవేళ వానాకాలం అయ్యాక మీ బావిలో నీళ్ళు మూడు మీటర్ల లోపే ఉంటున్నాయంటే ఇంకుడు గుంత అక్కరలేదు, ఆ డబ్బుతో సంపు కట్టి వాన నీళ్ళు మరుగుదొడ్లకు వాడుకోండి.

వ్యాఖ్యాత: చివరి కాల్, విజయవాడ భవానీపురం. క్లుప్తంగా అడగండి సార్.

శ్రోత (భవానీపురం): రెండు ప్రశ్నలండీ. ఆర్‌ఓ ప్లాంటు వదిలేసే నీళ్ళు మొక్కలకు పోయొచ్చా? మురుగు శుద్ధి ప్లాంటు దగ్గర పొద్దున్నే భరించలేని కంపు వస్తోంది, ఎందుకు?

ఇంజినీరు: ఆర్‌ఓ నీళ్ళు మొక్కలకు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. నేల తుడవడానికి, ఫ్లష్ ట్యాంకులకు మళ్ళించండి. రెండోదానికి, రాత్రిపూట ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయరు ఆపుతున్నారా?

శ్రోత: కరెంటు ఆదా అని పదింటికి ఆపేస్తారు.

ఇంజినీరు: ఆ ట్యాంకులో మురుగును తినేది ప్రాణమున్న జీవులు సార్. గాలి అందకపోతే అవి చచ్చి, గాలి లేకుండా బతికేవి చేరతాయి, ఆ కంపు వాటిదే. పూర్తిగా ఆపకండి. గంట నడిపి అరగంట విరామం ఇచ్చేలా టైమరు పెట్టించండి. పొద్దున్నే ఆ ట్యాంకు నీళ్ళు లీటరు గాజు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. గోధుమరంగు మడ్డి అడుగున పావు నుంచి మూడో వంతు దాకా పేరుకుని పైన తేటగా ఉంటే ప్లాంటు బాగున్నట్టు. నల్లగా ఉంటే ఇవాళే బ్లోయరు వేయించండి, వారం పది రోజుల్లో రంగు మారుతుంది.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మీ కాల్స్‌కు ధన్యవాదాలు, నమస్కారం.