గోడ మీద లేని పేర్లు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, ఈ ప్రదర్శన పెట్టిన మిత్రులకి, చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ వచ్చిన తల్లులకి ప్రత్యేకంగా నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం ‘ఎత్తైన కొండల్లో వెలుతురు’. దాని గురించి ముందు నాలుగు మాటలు. ఈ గోడల మీది ఫొటోలన్నీ మన బృందం అమెరికాలో, కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలకి వెళ్లి తీసినవే. ఆ కొండలు తూర్పు వైపు నిటారుగా లేస్తాయి. అడ్డం ఏమీ ఉండదు కనక పొద్దుటి మొదటి ఎండ నేరుగా ఆ రాతిగోడల మీద పడుతుంది. తెల్లటి గ్రానైట్ కాసేపు ఎర్రబడుతుంది. చూస్తూండగానే ఆ ఎరుపు పోతుంది. అది దొరకాలంటే తెల్లవారే సరికి మనం పైన, చెరువు గట్టున ఉండాలి. అంటే ముందు రాత్రి అక్కడే పడుకోవాలి. డేరాలు, వంట సామాను, వారానికి సరిపడా తిండి, ఎలుగుబంట్లు తెరవలేని డబ్బాలు, మన కెమెరాలు, ట్రైపాడ్లు అన్నీ అక్కడికి చేరాలి.

ఎలా చేరాయి? మనిషి చెయ్యి పడని అడవుల్ని, కొండల్ని కాపాడడానికి 1964లో అమెరికాలో వచ్చిన వైల్డర్నెస్ చట్టం వల్ల ఆ ప్రాంతాల్లోకి మోటారు బండి పోకూడదు, సైకిలు కూడా పోకూడదు. కంచరగాడిద పోవచ్చు. మన సామాను మోసింది అవే. వాటి మీద సామాను కట్టి, వాటిని నడిపించింది ప్యాకర్లు.

ఇప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి గోడలు చూడండి. ప్రతి ఫొటో కింద చీటీ ఉంది. కొండ పేరు, తీసినవారి పేరు, ఏ లెన్సు, ఎఫ్ ఎంత, షట్టర్ ఎంత, ఐఎస్‌ఓ ఎంత అని కెమెరా లెక్కలన్నీ. హాలంతా తిరిగి చదివాను. ఒక్క చీటీ మీద కూడా ప్యాకర్ పేరు లేదు. వెలుతురు సంగతి ఇంకెవరైనా నాకంటే బాగా చెబుతారు. నేను మైకు పట్టుకున్నది ఈ చీటీల కోసం.

ఇది ఇవాళ మొదలైన మరుపు కాదు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫర్ అదే కొండల్లో ఉన్న యోసెమిటీ లోయకి వెళ్లాడు. ఆయన కెమెరాలో పెట్టే గాజుపలక సుమారు 18 అంగుళాలు, 22 అంగుళాలు. అప్పటి పద్ధతిలో పలక మీద కొలోడియన్ అనే జిగురు లాంటి రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, తడి ఆరకముందే కడగాలి. అంటే చీకటి డేరా, రసాయనాల సీసాలు, గాజుపలకలు అన్నీ వెంట ఉండాల్సిందే. అదంతా కంచరగాడిదల వీపుల మీదే లోయలోకి దిగింది. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. 1864లో అమెరికా అధ్యక్షుడు లింకన్ సంతకంతో ఆ లోయకి రక్షణ వచ్చింది. వాట్కిన్స్ పేరు మనకి తెలుసు. తాళ్లు బిగించిన చేతుల పేర్లు మనకి తెలియవు. 1870లలో విలియం హెన్రీ జాక్సన్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ సామాను మోసిన కంచరగాడిద పేరు మాత్రం మిగిలింది, హైపో అని. ఆ మేరకి జాక్సన్ మనకంటే నయం. 1901 నుంచి సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం వాళ్లు వందమందికి పైగా జనాన్ని ఏటా కొండల్లోకి తీసుకెళ్లేవారు. పేరున్న ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఆ యాత్రల్లో తిరిగే ఆ కొండల్ని దగ్గరగా చూశాడు. వాళ్ల వంటశాల కూడా కంచరగాడిదల మీదే నడిచింది. అంత గుంపు, అన్ని జంతువులు దిగితే పచ్చిక బయళ్లు తొక్కుడుకి పాడవుతాయని తర్వాత తెలిసొచ్చింది. ఇప్పుడు అక్కడ చాలాచోట్ల బృందానికి 15 మందికి మించి పోనివ్వరు. మంచి నియమం.

మళ్లీ తాళ్ల దగ్గరికి వస్తాను. మీలో ఎంతమంది ప్యాకర్ పక్కన నిలబడి సామాను కట్టడం చూశారు? చూసి ఉంటే తెలుస్తుంది. ఒక్కో జంతువుకి 150 పౌన్ల దాకా, అంటే 68 కిలోల దాకా ఎత్తుతారు. జీనుకి అటొక పెట్టె, ఇటొక పెట్టె. వేలాడే త్రాసుతో రెండు పెట్టెల్నీ విడివిడిగా తూస్తారు. ఒకవైపు కాస్త ఎక్కువుంటే అందులోంచి తీసి ఇటు వేస్తారు. కావడి లాంటిదే, రెండు పక్కలా సరితూగాలి. పైన బట్టల మూటలు, వాటి మీద టార్పాలిన్, దాని మీద తాళ్లు వజ్రం ఆకారంలో వచ్చేలా కట్టే డైమండ్ ముడి. మా ప్యాకర్ ముప్ఫై దాటని అమ్మాయి. త్రాసు కొక్కెం పట్టుకుని, కళ్లు సగం మూసుకుని, మనసులో లెక్క వేసుకునేది. పట్టీ బిగించాక జీను కింద అరచెయ్యి దూర్చి ఎక్కడైనా మడత పడిందేమోనని వీపంతా తడిమేది. మడత పడితే సాయంత్రానికి పుండవుతుంది.

ఒకరోజు ఆమె అలా తూచి, కట్టి, కంచరగాడిదల వరస సిద్ధం చేసింది. మన బృందంలో ఒక పెద్దమనిషి పెద్ద లెన్సు, బ్యాటరీలు ఉన్న సంచిని ఎవరికీ చెప్పకుండా ఒక పక్క టార్పాలిన్ కిందకి తోశారు. వీపు నొప్పట. వీపు నొప్పని చెబితే ఆమె కాదనేది కాదు, మళ్లీ తూచేది. చెరువు దాటాక మలుపుల దారి ఎక్కుతున్నాం. ఒక పక్క కొండ, ఒక పక్క జారుడు రాళ్లు. మధ్యలో ఉన్న రూబీ అనే కంచరగాడిద మీద జీను మెల్లగా లోయ వైపు ఒరిగింది. గుర్రమైతే బెదిరి గెంతేదేమో. రూబీ ఆగిపోయింది. నాలుగు కాళ్లూ పాతినట్టు నిలబడి చెవులు వెనక్కి తిప్పింది, అంతే. వరసలో ఒక్కోదాన్నీ ముందుదానికి కట్టేది సన్నని తాడుతో. ఒకటి పడితే ఆ తాడు తెగాలి, మిగతావాటిని లాక్కుపోకూడదు. ఆ అమ్మాయి కిందివైపు నుంచి, ఆ జారుడు రాళ్లలోంచే వచ్చి, భుజం బరువు కింద పెట్టింది. చేతి తొడుగు పళ్లతో లాగేసి, ఒంటి చేత్తో ముడి విప్పింది. విప్పుతున్నంతసేపూ రూబీతో మాట్లాడుతూనే ఉంది.

అప్పుడు మనవాళ్లేం చేశారు? ఫొటోలు తీశారు. షట్టర్ల చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. వాటిలో ఒకటి ఆ కుడివైపు గోడ మీద, మూడో వరసలో ఉంది. చాలా మంచి ఫొటో, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. దాని కింద చీటీ చదవండి. లెన్సు పేరుంది. ఆ అమ్మాయి పేరు లేదు, రూబీ పేరు లేదు.

కంచరగాడిదని మొండిదంటారు. నాకు ఆ మాట నచ్చదు. అడుగు వేస్తే పడతానని తెలిసినప్పుడు ఎవరు తోసినా అది అడుగు వేయదు. తల్లి గుర్రం, తండ్రి గాడిద. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62, దీనికి 63. అందుకే దీనికి సాధారణంగా సంతానం ఉండదు. ప్రతి ఒక్కదాన్నీ మళ్లీ గుర్రంతో, గాడిదతోనే పుట్టించాలి, ఏళ్ల తరబడి నేర్పాలి. మనం తెల్లారగట్ల లేచి సూర్యుడి కోసం చూసే వేళకి ప్యాకర్లు ఇంకా ముందే లేచి, రాత్రి మేతకి వదిలిన వాటిని మెడగంట చప్పుడు పట్టుకుని వెతుకుతుంటారు. ఆ పనికి చీటీ మీద ఒక్క వాక్యం ఎక్కువా? చెప్పండి.

పేరు వేయొచ్చా అని ఆమెని అడిగాను. గోడ మీద వేసుకోండి, ఇంటర్నెట్‌లో వద్దు అంది. ఇది రికార్డవుతోంది కనక ఇక్కడ పలకను. మిగతా ప్యాకర్లు కూడా ఒప్పుకున్నారు. కాయితం నా జేబులో ఉంది. వచ్చే వేసవి యాత్రకి పేర్లిచ్చిన కుర్రాళ్లకి ఇంకో మాట. మీ సంచి ఇంటి దగ్గరే తూచుకోండి, తూచిన అంకె ప్యాకర్‌కి నిజంగా చెప్పండి. కట్టాక దాని మీద ఇంకేమీ పెట్టొద్దు, నీళ్ల సీసా కూడా. వరస వెళ్లేటప్పుడు దారికి పైవైపుకి జరిగి, కదలకుండా నిలబడండి. ఫొటో కావాలంటే ముందు అడగండి.

నిర్వాహకులు ఇక్కడే ఉన్నారు, చీటీలు మార్చడానికి ఒప్పుకున్నారు. రేపు పొద్దున తలుపులు తీసేలోపు అన్నీ మళ్లీ అచ్చువేసి అంటించాలి. నాకు ఇద్దరు మనుషులు కావాలి. ఎవరొస్తారు? ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయీ, రామ్మా. ఇంకొకరు?