ఊరు విడిచినవాళ్ల పాట

సభాధ్యక్షులకు, సంగీతాభిమానులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 నుంచి 1953 ఆరంభం దాకా అమెరికాలో వెలిగిన కంట్రీ సంగీతం గురించి. కంట్రీ అనగానే మనం పల్లె అనుకుంటాం, పొలంగట్ల మీద పుట్టిన పాటగా ఊహించుకుంటాం. ఆ ఏళ్ల రికార్డులు వినేకొద్దీ, అది పల్లె విడిచి వెళ్లిపోయినవాళ్ల పాట అని నాకు నమ్మకం కుదిరింది.

యుద్ధకాలంలో కెంటకీ, టెన్నెసీ, ఒక్లహోమా వంటి రాష్ట్రాల నుంచి లక్షలాది జనం డెట్రాయిట్ కర్మాగారాలకు, కాలిఫోర్నియాలో విమానాలు, ఓడలు తయారయ్యే చోట్లకు తరలిపోయారు. దక్షిణాది యువకులు సైనిక శిబిరాలకు గిటార్లు వెంటబెట్టుకుని వెళ్లగా, ఉత్తరాది సిపాయిల చెవిన ఈ పాటలు అక్కడ పడ్డాయి. ఇంటి మీద బెంగ తీర్చుకోవడానికి శనివారం రాత్రి రేడియో ఉండనే ఉంది: నాష్‌విల్‌లో ఒకప్పటి ప్రార్థన మందిరమైన రైమన్ ఆడిటోరియం నుంచి, 50,000 వాట్ల డబ్ల్యూఎస్ఎమ్ కేంద్రం 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అనే కంట్రీ పాటల కార్యక్రమాన్ని ఎన్నో రాష్ట్రాలకు వినిపించేది.

అయితే పాట స్వరూపాన్ని మార్చింది రేడియో కంటే, నాణెం వేస్తే రికార్డు మోగించే జూక్‌బాక్సే అని నా అభిప్రాయం. షిఫ్టు దిగిన కార్మికులు చేరే పానశాలలను హాంకీటాంక్‌లు అనేవారు. గ్లాసుల చప్పుడు, మాటల హోరు, నృత్యం చేసేవారి అడుగుల మోత నడుమ ఒంటరి గిటారు ఎవరికి వినబడుతుంది? అందుకే ఎర్నెస్ట్ టబ్ వంటి గాయకులు విద్యుత్ గిటారును ఆశ్రయించారు, తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటారు జాలిగా సాగదీసే స్వరం పాటకు ప్రాణమైంది. అమ్మ, ఇల్లు, దైవం చుట్టూ తిరిగిన సాహిత్యంలోకి తాగుడు, పరాయి సంబంధం, విడాకులు వచ్చి చేరాయి. అమెరికాలో విడాకులు 1946లో మునుపెన్నడూ లేనంతగా పెరిగాయన్నది గుర్తుంచుకుంటే ఇందులో వింతేమీ లేదు. (ఆ రికార్డుల తయారీలో వాడిన లక్కలో అధికభాగం మన దేశపు చెట్ల నుంచి వెళ్లిందే. యుద్ధకాలంలో లక్కకు కరవొచ్చి రికార్డుల ఉత్పత్తే తగ్గిపోయింది.)

పాతవాసన కొట్టేవన్నీ పాతవి కావు. తాతలనాటిదని చాలామంది భ్రమపడే, తంత్రీవాద్యాలతో వేగంగా సాగే బ్లూగ్రాస్ అనే కంట్రీ బాణీ, 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ మూడువేళ్లతో మీటే బాంజో అనే తంత్రీవాద్యంతో, మాండలిన్ కళాకారుడు బిల్ మన్రో బృందంలో చేరాకే ఇప్పటి రూపానికి వచ్చింది. గాయకుడు హాంక్ విలియమ్స్‌ను తారాపథానికి చేర్చి, 1949లో కంట్రీ పాటల జనాదరణ పట్టికలో 16 వారాలు అగ్రస్థానంలో నిలిచిన 'లవ్‌సిక్ బ్లూస్' అయితే 1922 నాటి రంగస్థల గీతం. ఆయనకు గిటారు నేర్పింది అలబామా వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్ అనే నల్లజాతి కళాకారుడు. ఇంత కలగలుపు సంగీతాన్ని అచ్చమైన తెల్లవారి పల్లె సొత్తుగా చెప్పడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఈ సంగీతాన్ని అంతకుముందు పిలిచిన, 'కొండమోటు' అనే ఎగతాళి ధ్వనించే హిల్‌బిల్లీ మాటను కళాకారులే ఇష్టపడలేదు. సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ 1949లో తన జనాదరణ పట్టికకు 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని పేరు మార్చింది.

పానశాల పాటల్లో చెడిపోయిన ఆడదాన్ని నిందించడం రివాజుగా ఉన్న రోజుల్లో, తప్పు మగవాళ్లదీ కాదా అని 1952లో గాయని కిట్టీ వెల్స్ పాటతోనే జవాబిచ్చారు. బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో తానొక్కతే పాడిన గాయని మొదటిస్థానం అందుకోవడం అదే తొలిసారి. ఆ పాటకు ఓప్రీ వేదిక మీద కొంతకాలం చోటు దొరకలేదు.

1953 జనవరి 1న, 29 ఏళ్ల హాంక్ విలియమ్స్ కచేరీకి వెళ్తూ కారు వెనుక సీట్లోనే కన్నుమూశారు. ప్రేక్షకులకు కబురు చెప్పి తోటి కళాకారులు ఆయన భక్తిగీతం అందుకోగా, సభంతా గొంతు కలిపింది. వాళ్లు ఎదురుచూస్తూ కూర్చున్న ఊరు ఒహాయోలోని కాంటన్, ఉక్కు, బేరింగుల కర్మాగారాల పట్టణం.