తెర వెనక పనుల్లో ఆడపిల్లలు: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. నాటకాలకు లైటింగ్ చేసే మేడం మనతో ఉన్నారు. మొదటి కాల్ చిత్తూరు నుంచి. చెప్పండన్నా.

చిత్తూరు కాలర్: నమస్కారం మేడం. మా పాప డిగ్రీ చదువుతా ఉంది. నాటకాల్లో చేరితే వేషం వేస్తుందనుకున్నాం. నిచ్చెనెక్కి లైట్లు కడతా ఉందంట. మా అక్క చూసొచ్చి ఇంట్లో ఒకటే గొడవ. రిహార్సల్ కూడా రాత్రి పదకొండు దాకా...

నిపుణురాలు: మీ టెన్షన్ లైట్ల గురించా, రాత్రి గురించా?

చిత్తూరు కాలర్: రెండూ మేడం. మా పెదనాయన భారతంలో ద్రౌపది వేషం కట్టేవాడు. అప్పుడు ఇంత గొడవ లేదు.

నిపుణురాలు: ద్రౌపది వేషం కట్టిన మగమనిషిని ఊరు గౌరవించింది. తిరుపతి గంగజాతరలో మగవాళ్లు చీర కట్టినా భక్తితోనే చూస్తాం. మీ పాప పనినీ అంతే గౌరవంగా చూడండి. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటకాల్లో తెర ముందూ వెనకా కుటుంబమంతా పనిచేస్తుంది. ఇక లైటు సంగతి. వెయ్యి వాట్ల పార్ లైటు ఆపిన తర్వాత కూడా కాసేపు చెయ్యి కాలుతుంది, ఎవరి చెయ్యైనా. తోలు గ్లౌజులుండాలి, నిచ్చెన పట్టుకోవడానికి కింద ఒక మనిషుండాలి, లైటుకు సేఫ్టీ చైన్ ఉండాలి. మెయిన్ ఆఫ్ చేయకుండా వైరు ముట్టుకోకూడదు. ఇవి నేర్పుతున్నారో లేదో కనుక్కోండి.

చిత్తూరు కాలర్: సరే మేడం. పదకొండు గంటలంటే... మానిపించేదా?

నిపుణురాలు: మానిపించొద్దు. ఎన్నింటికి వదులుతారు, ఇంటికి ఎవరు దింపుతారు అని దర్శకుణ్ని అడగండి. మగపిల్లల అమ్మానాన్నలూ అడగాలి ఆ మాట.

చిత్తూరు కాలర్: లైట్లు కాకుండా మేకప్ చూసుకోమంటే? ఆడపిల్లల పని కదా.

నిపుణురాలు: అది ఆడవాళ్ల పనని ఎవరన్నారండీ? సినిమాల్లో మేకప్ ఆర్టిస్టులుగా ఆడవాళ్లకు సంఘాలు ఏళ్ల తరబడి సభ్యత్వ కార్డే ఇవ్వలేదు. 2014 నవంబరులో సుప్రీంకోర్టు అది తప్పని చెప్పాల్సి వచ్చింది. డబ్బులొచ్చే చోట మేకప్ మగవాళ్లదైంది, డబ్బుల్లేని మన నాటకాల్లో ఆడపిల్లలదైంది. పాపకు లైట్లు ఇష్టమైతే లైట్లే చేయనివ్వండి. మెయిన్ ఆఫ్ మాత్రం మరిచిపోవద్దని చెప్పండి.

వ్యాఖ్యాత: థాంక్సన్నా. తిరుపతి నుంచి ఇంకో కాలర్.

తిరుపతి కాలర్: మేడం, నేను స్టేజ్ మేనేజర్‌ని. నేను క్యూ, అంటే తెర లాగమనే సైగ, ఇస్తే అబ్బాయిలు దర్శకుడి మొహం చూస్తారు. ఆయన తలూపాకే తెర లాగుతారు.

నిపుణురాలు: తప్పు దర్శకుడిదమ్మా. షో మొదలయ్యాక క్యూ నీదేనని మొదటి రిహార్సల్లోనే అందరి ముందూ చెప్పాలి. చెప్పి, షో టైంలో ఆయన ప్రేక్షకుల్లో కూర్చోవాలి. ఈ రోజే వెళ్లి అడుగు.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి నుంచి...

శ్రీకాళహస్తి కాలర్: సెట్లు మోయాలంటే ఆడవాళ్ల వల్ల అవుతుందా మేడం?

నిపుణురాలు: నలుగురు మోసే సెట్టును ఇద్దరి మీద పెడితే మగవాళ్ల నడుమూ పోతుంది. మనుషుల్ని పెంచండి, కింద చక్రాలు పెట్టించండి.

వ్యాఖ్యాత: థాంక్స్. పుత్తూరు, చివరి కాల్. త్వరగా అమ్మా.

పుత్తూరు కాలర్: మా ట్రూపులో పెద్దాయన ఒకరు గ్రీన్‌రూంలో... అసభ్యంగా మాట్లాడతారు. ఉండేదే ఏడుగురం. ఎవరికి చెప్పాలి?

నిపుణురాలు: మంచిపని చేశావు ఫోన్ చేసి. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి 2013 చట్టం ఉందమ్మా. పదిమంది కంటే తక్కువున్న చోట ఫిర్యాదు జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వాలి. కలెక్టరాఫీసులో అడిగితే చెప్తారు. రాతపూర్వకంగా, జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వు. తేదీలు, ఎవరెవరు విన్నారో ఇప్పుడే రాసిపెట్టుకో. ఒక్కదానివే వెళ్లొద్దు, ఇంట్లో ఎవరినైనా తోడు తీసుకెళ్లు.

పుత్తూరు కాలర్: ట్రూపు నుంచి తీసేస్తే మేడం?

నిపుణురాలు: ఆ భయమూ ఫిర్యాదులోనే రాయి. ఫోన్ పెట్టేయొద్దమ్మా, ప్రోగ్రాం అయ్యాక నేను మాట్లాడతాను.

వ్యాఖ్యాత: అమ్మా, లైన్లోనే ఉండండి. టైం అయిపోయింది, మేడంకు థాంక్స్. నమస్కారం.