మొహమాటానికి కట్టిన ఫీజు

శ్రోతలందరికీ నమస్కారం.

నేను కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే, పరీక్షలు రాసిందీ ఇంగ్లీషులోనే. అలాంటిదాన్ని, 2016లో టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చిన మూడో వారంలో, మందుల షాపు కౌంటర్ దగ్గర మా ఇంటిపేరు చెప్పలేక నిలబడిపోయాను.

మా ఇంటిపేరు 'వ'తో మొదలవుతుంది. కౌంటర్లో అమ్మాయి స్పెల్లింగ్ అడిగింది. నేను 'వీ' అన్నాను. తనకి 'బీ' అని వినపడింది. కంప్యూటర్లో మా పాప పేరు లేదంది. మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా. గట్టిగా అరిస్తే అర్థమవుతుందని మనకదో నమ్మకం. వెనకాల లైన్లో అయిదుగురు. పాపకేమో జ్వరం. చివరికి మా ఆయనకి ఫోన్ కలిపి, ఆ ఫోను అమ్మాయి చేతిలో పెట్టాను. ఆయన 'వీ ఫర్ విక్టర్' అన్నారు. అర నిమిషంలో మందులు చేతికొచ్చాయి.

ఇంటికొచ్చాక పాపకి మందు వేసి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. చదివితే అర్థమవుతుంది, రాయమంటే రాస్తాను, నోరు మాత్రం పెగలదు. నాలాంటివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, బ్యాంకు, రోడ్డు అని చివర ఒక అచ్చు తగిలిస్తాం. 'వీ'కీ 'డబ్ల్యూ'కీ మన నోట్లో తేడా ఉండదు. పైగా మన ఇంగ్లీషు కొంత మనదే. క్లాసులో చెయ్యెత్తి 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనకి అది ప్రశ్న, ఇక్కడివాళ్లకి మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు. 'నేను ఫలానా ఏడు పాసవుట్ అయ్యాను' అంటే, ఆ ఏడు కళ్లు తిరిగి పడిపోయావా అని జాలిగా చూస్తారు. ఫోన్ నంబర్లో 'డబుల్ ఫోర్' అంటే పెన్ను పట్టుకుని ఆగిపోతారు. ఇవేవీ గ్రామర్ పుస్తకంలో దొరికేవి కావు.

సరే, నేర్చుకుందామనుకున్నాను. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. పీజీ చేసి ఇంగ్లీషు క్లాసుకి వెళ్తోందట అంటారని భయం. అపార్ట్‌మెంట్లో పదిమంది తెలుగువాళ్లున్నా ఒక్కరినీ అడగలేదు. ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. మూడు నెలల ఆన్‌లైన్ స్పోకెన్ ఇంగ్లీష్, 400 డాలర్లు, మొత్తం ముందే కట్టాలి. కట్టేశాను. రెండు వారాలు ఎవరో వచ్చి టెన్సుల పట్టికలు చెప్పారు. అవి నాకు ఎనిమిదో తరగతి నుంచే కంఠతా వచ్చు. మూడో వారం నుంచి రికార్డింగులు మొదలయ్యాయి. మాట్లాడటం నేర్చుకోవడానికి డబ్బు కట్టి, నోరు మూసుకుని వీడియోలు చూశాను. డబ్బు వెనక్కి అడిగితే మెయిల్‌కి జవాబు లేదు. మా ఆయనకి ఈ సంగతి ఏడాది దాకా చెప్పలేదు. దానికి నేను పెట్టుకున్న పేరు, మొహమాటానికి కట్టిన ఫీజు.

సాయంత్రం వాకింగ్‌లో పరిచయమైన ఒక నెల్లూరు ఆంటీ నన్ను గట్టెక్కించారు. 'లైబ్రరీకి ఎందుకు వెళ్లవమ్మా?' అన్నారు. 'పుస్తకాలు చదవడం వచ్చాంటీ, మాట్లాడటమే రాదు' అన్నాను. ఆవిడ నవ్వి, మర్నాడు నన్ను కారెక్కించుకుని పక్క ఊరి లైబ్రరీకి తీసుకెళ్లారు.

లైబ్రరీ అంటే మనకి గుర్తొచ్చేది గ్రంథాలయ సంస్థ భవనం, దినపత్రికలు, ఫ్యాన్ కింద పెద్దవాళ్లు. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీలు చాలాచోట్ల కొత్తగా దేశానికి వచ్చినవాళ్లకి ఇంగ్లీషు మాట్లాడించే పని కూడా చేస్తాయి. న్యూయార్క్‌లోని క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీ ఇందుకోసం 1977లోనే ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. నేను వెళ్లినచోట దాన్ని కాన్వర్సేషన్ సర్కిల్ అనేవారు. వారానికి ఒకరోజు, గంటన్నర. ఫీజు లేదు, వీసా ఏమిటని అడగలేదు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒక కొరియా బామ్మ, వెనిజులా నుంచి వచ్చిన డెంటిస్టు, ఇద్దరు చైనా అమ్మాయిలు, నేను. నడిపించేది రిటైరైన ఒక స్కూలు టీచరు, జీతం లేకుండా. ఆ రోజు విషయం, చెత్తబండి ఏరోజు వస్తుందో పక్కింటివాళ్లని అడగడం. డెంటిస్టు గారికి నాకంటే తక్కువ ఇంగ్లీషు. ఆయన సిగ్గుపడటం లేదు. నాకు మాత్రం సిగ్గెందుకనిపించింది.

అలాగని లైబ్రరీతో అంతా అయిపోదు. అది మాట్లాడే చోటు. పద్ధతిగా మొదటి మెట్టు నుంచి నేర్చుకోవాల్సినవాళ్లకి అడల్ట్ ఎడ్యుకేషన్ క్లాసులుంటాయి. వీటికి 2014 నాటి కేంద్ర చట్టం కింద డబ్బు రాష్ట్రాలకి వస్తుంది, టెక్సస్‌లో వర్క్‌ఫోర్స్ కమిషన్ ద్వారా కాలేజీలకీ, స్వచ్ఛంద సంస్థలకీ చేరుతుంది. అందుకే ఫీజు ఉండదు, లేదా నామమాత్రం. చేరేముందు చిన్న పరీక్ష పెట్టి లెవెల్ నిర్ణయిస్తారు. ఆ పరీక్షలో బాగా రాయాలని టెన్షన్ పడకండి. ఎక్కువ మార్కులొస్తే పైలెవెల్‌కి పంపేస్తారు, అక్కడ అర్థంకాక ఇబ్బంది పడేది మీరే. చాలాచోట్ల వెయిటింగ్ లిస్టు ఉంటుంది కాబట్టి సెప్టెంబరులో చేరాలంటే జులైలోనే పేరు రాయించాలి.

ఇక్కడ ఈమధ్య ఒక చిక్కు వచ్చింది. 2025 జులైలో కేంద్ర విద్యాశాఖ ఈ నిధులతో నడిచే క్లాసులు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు లాంటి కొన్ని వర్గాలకే అని కొత్తగా చెప్పింది. దానిమీద కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. హెచ్4 మీద, అంటే హెచ్1 ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద వచ్చినవాళ్లు చదువుకోవడానికి వీసాపరంగా అడ్డు లేదు, కానీ ఈ క్లాసుల్లో మీ రాష్ట్రంలో చేర్చుకుంటున్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎఫ్1 స్టూడెంట్లకైతే 1996 చట్టం నాటినుంచే ప్రభుత్వ డబ్బుతో నడిచే అడల్ట్ క్లాసులు కుదరవు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని కోర్సుల్లో చేర్పించకూడదు. లైబ్రరీలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం వేరు, దానికెవరూ అడ్డు రారు.

చర్చిల్లోనూ క్లాసులుంటాయి. మా దగ్గర ఒకచోట ఏడాదికి పాతిక డాలర్లు, అదీ పుస్తకానికి. చివరి పది నిమిషాలు బైబిలు చదువుతారు. ఇష్టం లేనివాళ్లు లేచి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మా కాలనీలో దీనిమీద పెద్ద చర్చే జరిగింది. నేను రెండేళ్లు వెళ్లాను, ఇప్పటికీ కార్తీక దీపాలు పెడుతూనే ఉన్నాను.

కమ్యూనిటీ కాలేజీకి వెళితే ఒక్క మాట అడగండి, 'ఇది క్రెడిటా, నాన్ క్రెడిటా?' అని. క్రెడిట్ అంటే డిగ్రీలో లెక్కకొచ్చే కోర్సు, ఫీజు ఎక్కువ. అదీ మీరు ఆ కౌంటీవాళ్లా, బయటివాళ్లా, వేరే దేశంవాళ్లా అన్నదాన్ని బట్టి రెండింతలు, మూడింతలు కూడా అవుతుంది. మాట్లాడటం కోసమే అయితే నాన్ క్రెడిట్ చాలు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో నాన్ క్రెడిట్ ఇంగ్లీషు క్లాసులకి ట్యూషన్ ఫీజే లేదు.

ఇంతా విని, అయితే అంతా ఉచితమేగా అనుకుంటారు. అసలు ఖర్చు క్లాసు తలుపు బయట ఉంటుంది. మా ఫ్రిస్కోలో డార్ట్, అంటే డల్లాస్ సిటీ బస్సు తిరగదు. ఇంట్లో ఒకటే కారు, అది మా ఆయనతో ఆఫీసుకెళ్తుంది. క్యాబ్‌లో పోయి రావాలంటే ఒక్కో క్లాసుకి ముప్పై డాలర్లు. పాపని చూసుకునేవాళ్లు కావాలి. డేకేర్ అంటే మా ఇంటి అద్దెకి పోటీ. సంపాదన లేని మనిషి ఆ ఖర్చు అడగడానికి నోరు రాదు. ఎవరూ వద్దనరు, మనమే మానేస్తాం. మొదటి ఏడాది నేను పద్దెనిమిది క్లాసుల్లో ఏడింటికే వెళ్లాను.

తర్వాత ఒక దారి దొరికింది. లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చెప్పే గంట ఒకటుంటుంది. అక్కడ పిల్లలతోపాటు తల్లి కూడా కూర్చోవాలి. మేం ముగ్గురం కలిశాం. వారానికొకరు ముగ్గురు పిల్లల్నీ తీసుకుని కథల గదిలో, మిగతా ఇద్దరూ క్లాసులో. కారున్న ఆవిడ పెట్రోలుకి డబ్బు తీసుకోనంది. ఆవిడకి నెలకోసారి గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే కథల గదిలోనే నా ఇంగ్లీషు ఎక్కువ బాగుపడింది. పిల్లల పుస్తకం పైకి గట్టిగా చదవమంటారు, నాలుగేళ్ల పిల్లలు మొహమాటం లేకుండా తప్పులు దిద్దుతారు.

వేరే దేశాల్లో వినేవాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాలో 1992 నుంచి లింక్ అనే పథకం ఉంది. పీఆర్, అంటే శాశ్వత నివాసం ఉన్నవాళ్లకి పూర్తిగా ఉచితం, కొన్ని కేంద్రాల్లో పిల్లల్ని కూడా చూసుకుంటారు. వర్క్ పర్మిట్, స్టూడెంట్ పర్మిట్ వాళ్లకి లేదు. ఇంకో సంగతి, సిటిజెన్‌షిప్ వచ్చాక కూడా లేదు. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ తలుపు మూసుకుంటుంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి పథకం 1948 నుంచే నడుస్తోంది. 510 గంటలనే పరిమితి ఉండేది, 2021లో తీసేశారు. అక్కడికి పీఆర్ మీద వెళ్లే జంటలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చాలా స్కిల్డ్ వీసాల్లో భార్యకో భర్తకో కనీసపు ఇంగ్లీషు ఉందని రుజువు చూపకపోతే దాదాపు అయిదు వేల ఆస్ట్రేలియా డాలర్లు అదనంగా కట్టాలి. రెండేళ్లకి తగ్గని డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు కాలేజీ ఇచ్చే లెటర్ కూడా ఒక రుజువే. ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లు విమానం ఎక్కకముందే వెళ్లి ఆ కాగితం తెచ్చుకోండి. ఇక్కడినుంచి తెప్పించుకోవాలంటే మీ తమ్ముడు కాలేజీ చుట్టూ పదిసార్లు తిరగాలి.

డబ్బు కట్టి నేర్చుకోవడం తప్పని నేననడం లేదు. ఇంటర్వ్యూలకి సిద్ధమయ్యేవాళ్లకి మంచి ట్యూటరు చాలా పనికొస్తారు. కానీ నెలనెలా కట్టించుకునేవాళ్ల దగ్గరే చేరండి. ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. ఆ గంటలో మీరెంతసేపు మాట్లాడారో గడియారం చూసుకోండి. టీచరే యాభై నిమిషాలు మాట్లాడితే అక్కడ నేర్చుకున్నది ఆయనే.

మా అత్తయ్యకి ఇప్పుడు అరవై ఆరు. గ్రీన్‌కార్డు మీద వచ్చి నాలుగేళ్లయింది. సిటిజెన్‌షిప్ పరీక్షలో ఇంగ్లీషు నుంచి వయసు మీద మినహాయింపు రావాలంటే, యాభై దాటి ఇరవయ్యేళ్ల గ్రీన్‌కార్డైనా, యాభై అయిదు దాటి పదిహేనేళ్ల గ్రీన్‌కార్డైనా ఉండాలి. ఆవిడకి రెండూ లేవు. అందుకని మంగళ, గురువారాల్లో ఆవిడని క్లాసుకి దించుతున్నాను. మొన్న దారిలో మందుల షాపు దగ్గర ఆగాం. ఈసారి తనే లోపలికి వెళ్తానంది. కారులో కూర్చుని స్పెల్లింగ్ వల్లె వేస్తోంది.

'వీ ఫర్ విజయవాడ అంటే ఆ పిల్లకి తెలుస్తుందంటావా?' అంది.

'తెలియదత్తయ్యా. విక్టర్ అనండి.'

'వాడెవడో నాకు తెలీదు. ఇక్కడ ఊరి పేరేదైనా చెప్పు.'

'వర్జీనియా' అన్నాను.

'వీ ఫర్ వర్జీనియా' అనుకుంటూ సంచీ భుజాన వేసుకుని దిగింది.