గురువారం మ్యాపు

హోస్ట్: అన్నా, టెక్సాస్‌లో మేకలు పెంచే బాపట్లాయన ఉన్నాడంటే మొదట నమ్మలేదు నేను.

గెస్ట్: (నవ్వుతూ) వారమంతా కంప్యూటరే తమ్ముడూ, శని ఆదివారాలు పొలం. 80 బోయర్ మేకలు. పొలం నాది కాదు, లీజు.

హోస్ట్: మొన్న ఫోన్లో ‘గురువారం మ్యాపు’ అన్నారు, ఏంటది?

గెస్ట్: డ్రాట్ మానిటర్, అమెరికాలో ఎక్కడెంత కరువుందో రంగుల్లో చూపే మ్యాపు. నెబ్రాస్కా యూనివర్సిటీలోని కరువు కేంద్రం, ఇక్కడి వ్యవసాయ శాఖ, నోవా అనే వాతావరణ సంస్థ కలిసి ప్రతి గురువారం వదులుతాయి. నారింజ రంగు డీ2, అంటే తీవ్రమైన కరువు. ఎరుపు డీ3, అంతకంటే తీవ్రం. పశువుల మేతకిచ్చే కరువు సాయం, ఎల్‌ఎఫ్‌పీ అంటారు, ఆ మ్యాపు చూసే ఇస్తారు. 2014 ఫార్మ్ బిల్లు, అంటే ఇక్కడి వ్యవసాయ చట్టం ప్రకారం మేత సీజన్లో కౌంటీలో, అదే మన జిల్లా లాంటిదాంట్లో, ఏ మూలైనా వరసగా 8 వారాలు నారింజలో ఉంటే ఒక నెల సొమ్ము. ఎరుపు ఒక్కసారి పడినా 3 నెలలది. 2025 చట్టంలో ఆ 8 వారాల్ని 4కి తగ్గించారులే.

హోస్ట్: పొలం చూడ్డానికి ఎవరూ రారా?

గెస్ట్: మన దగ్గర పంట 33 శాతం పోయిందా లేదా అని వ్యవసాయాధికారి గట్టు మీద నిలబడి రాసుకుంటాడే, అలా రారు. కౌంటీ రంగే లెక్క. మా కంచె పక్కన రోడ్డు, దాటితే వేరే కౌంటీ. 8 వారాల రూలున్నప్పుడు ఒక ఏడాది వాళ్లకి ఎరుపు పడింది. మాది నారింజలో 7 వారాలు నడిచింది. ఇంకొక్క వారం అనుకుంటుంటే వాన! గడ్డి రెండు వైపులా ఒకేలా మాడిపోయింది, డబ్బు మాత్రం అటు వైపే. వాన పడితే తిట్టుకున్న రైతుని నేనొక్కణ్నేనేమో.

హోస్ట్: (నవ్వు) వస్తే ఎంతొస్తుంది?

గెస్ట్: మేత ఖర్చులో 60 శాతం. దానికీ ఓ లెక్కుంది. 4 మేకలు ఒక ఆవుతో సమానం. నా 80 మేకలూ 20 ఆవులన్నమాట. ఇంకో ఏడాది కరువులో చవగ్గా వస్తున్నాయని సంతలో పాతిక మేకలు కొన్నా. కరువు మొదలైన తేదీకి ముందే, ఆ ముందు 60 రోజుల్లో మనవై ఉండాలట, ఆ పాతికా లెక్కలోంచి ఎగిరిపోయాయి. పైగా గడ్డి ఎకరాలు కూడా పంటలాగే నమోదు చేయించాలి. గడ్డిని పంటని ఎవడనుకుంటాడు?

హోస్ట్: సాయం టైముకి అందుతుందా?

గెస్ట్: పక్క రాంచ్ పెద్దాయన్నడుగు. 2011 సెప్టెంబర్ 30తో అప్పటి పథకం గడువు అయిపోయింది. కొత్త బిల్లు 2014లో గానీ రాలేదు. వెనక్కి లెక్కగట్టి ఇచ్చార్లే, ఈలోపు ఆయన మేత కొనలేక మందలో సగం అమ్ముకున్నాడు.

హోస్ట్: మరి లీజు పొలం కదా, డబ్బు ఓనరుకి పోదా?

గెస్ట్: పోదు. మేక నాది, లీజు కాగితం నా పేరున ఉంది, డబ్బు నాకే. నేను ఆగిపోయింది అక్కడే తమ్ముడూ. మా నాన్న 20 ఏళ్లు కౌలు చేశాడు. తుపానుకి వరి పడిపోతే సాయం ఆసామి ఖాతాలో పడేది. ఆయనకి బుద్ధి పుడితే సగం ఇచ్చేవాడు. నాకిక్కడ మొదటిసారి డబ్బు పడ్డ రోజు నాన్నకి ఫోన్ చేశా. అంతా విని, ‘మరి ఓనరుకి ఎంతిస్తున్నావురా?’ అన్నాడు.