గాలి బెలూన్లతో క్యాంపర్‌ను మోయవచ్చునా? సుంకి ఘాటీ దిగివచ్చిన తరువాత నా రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ముందు చెప్పవలసిన మాట ముందే చెప్పేస్తాను. ఈ రోజు మీరు చూడబోయేది బరువుకు పికప్ వెనక భాగం కూర్చుండిపోకుండా కింద బిగించే గాలి బెలూన్ల సెట్టు. దాన్ని నేను కొనలేదు, తయారీదారులే ఉచితంగా పంపించారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. వీడియోను విడుదలకు ముందు తమకు చూపించమని అడిగారు గానీ నేను ఒప్పుకోలేదు. పెట్టెలో ఏమేమి వస్తాయి, ధర ఎంత, ఏయే బళ్లకు సరిపోతుంది అన్న వివరాలు మీరు ఈపాటికి నాలుగైదు ఛానళ్లలో చూసే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. నేను దీన్ని రెండు నెలలు వాడాను. అందులో ఒక ఉదయం నాకు నిజంగా భయం వేసింది, ఈ వీడియోలో ఎక్కువ భాగం ఆ ఉదయం గురించే.

రెండు మాటల దగ్గర తికమక రాకూడదు. మన జిల్లాల్లో క్యాంపర్ అంటే రెండు వరుసల సీట్లున్న బొలెరో అనుకుంటారు. నేను చెబుతున్నది పికప్ తొట్టిలోకి దించి బిగించుకునే చిన్న గది. అందులో ఇద్దరికి పడక, ఒక పొయ్యి, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఒక బ్యాటరీ ఉన్నాయి. అలాగే ఎయిర్ బ్యాగులు అంటే ప్రమాదం జరిగినప్పుడు స్టీరింగు నుంచి పొంగే సంచులు గుర్తుకు వస్తాయి కాబట్టి, ఇరుసుకూ, బండి చట్రమైన ఛాసిస్‌కూ మధ్య నిలబెట్టే ఈ రబ్బరు బుడ్డలను నేను బెలూన్లు అనే అంటాను.

క్యాంపర్ పెట్టిన మొదటి రోజునే బండి వెనక భాగం కూర్చుండిపోయింది. వెనక చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఖాళీ బండికి 56 సెంటీమీటర్లు ఉండేది, క్యాంపర్ ఎక్కి మేము ఇద్దరం కూర్చున్నాక 47 అయింది. ముందు భాగం ఆకాశం చూస్తుండడంతో రాత్రి ఎదురుగా వచ్చిన ప్రతి లారీ డ్రైవరూ నన్ను లైట్లతో తిట్టాడు. దీనికి మందుగా రెండేళ్ల క్రితం ఇదే బండికి గట్టి రబ్బరు దిమ్మలు వేయించి చూశాను. వాటితో ఎత్తు కొంత నిలిచింది గానీ, గజపతినగరం వెళ్లేలోపు క్యాంపర్‌లోని స్టీలు గిన్నెలన్నీ అరల నుంచి కిందికి వచ్చేశాయి. ఆ అనుభవం తరువాత గాలి బెలూన్లు అనగానే ఆశ కలగడం సహజమే కదా.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను. ఒక పూట పని, డ్రిల్లు అవసరం రాలేదు. కుడివైపు బెలూను సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉంటుంది కనుక వేడి తగలకుండా ఇచ్చిన రేకును తప్పకుండా వేసుకోండి. 45 పీఎస్ఐ ఒత్తిడి వచ్చేలా గాలి నింపగానే ఎత్తు 54 సెంటీమీటర్లకు వచ్చింది. బండి పలక మీద పెట్టినట్టు సమానంగా నిలబడింది, లైట్లు రోడ్డు మీద పడ్డాయి, గిన్నెలు అరల్లోనే ఉన్నాయి. ఆ సాయంత్రం వీడియో తీసి ఉంటే నేను కూడా దీన్ని ఆకాశానికి ఎత్తేసేవాడిని.

మరుసటి శనివారం దేవమాలి కొండకు బయలుదేరాము. కొరాపుట్ జిల్లాలో 1,672 మీటర్ల ఎత్తున్న కొండ అది, ఒడిశా మొత్తంలో అంతకు మించిన శిఖరం లేదు. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటితే సుంకి ఘాటీ అనే కొండదారి మొదలవుతుంది. ఘాటీ ఎక్కితే పొట్టంగి. మొదటి పెద్ద మలుపు దగ్గరే క్యాంపర్ బయటివైపుకు ఒరిగింది. ఒరిగి ఆగి ఉంటే పట్టించుకునేవాడిని కాదు. ఒరిగాక, ఎవరో లోపలివైపు నుంచి మెల్లగా ఎత్తుతున్నట్టుగా మరికొంచెం ఒరిగింది. పక్కన కూర్చున్న మా ఆవిడ రెండు చేతులతో పైన ఉన్న పిడిని పట్టుకుని, పొట్టంగి వచ్చేదాకా వదలలేదు.

కారణం నాకు ఆ రాత్రి కొండ మీద టార్చిలైటు వేసుకుని బండి కిందకు దూరితే తెలిసింది. ఇక్కడ దగ్గరగా చూడండి. ఇత్తడితో చేసిన ఈ చిన్న టీ జాయింటు, నా చిటికెన వేలి కంటే పొట్టిది. రెండు బెలూన్ల గొట్టాలూ దీనిలో కలిసి, ఒకే వాల్వు దగ్గరకు వెళతాయి. ఒకచోట గాలి కొడితే రెండూ నిండుతాయన్నది తయారీదారులు చూపించిన సౌకర్యం. అయితే మలుపులో బరువు బయటివైపు బెలూను మీద పడినప్పుడు అందులోని గాలి ఈ జాయింటు గుండా లోపలివైపు బెలూనులోకి పోతుంది. బలం కావలసిన వైపు మెత్తబడుతుంది, అక్కరలేని వైపు పొంగుతుంది. అంటే బండిని నిలబెట్టడానికి కొన్న వస్తువే దాన్ని పడదోయడానికి ఒక చెయ్యి వేస్తున్నది. రెండు గొట్టాలకు రెండు విడి వాల్వులు ఇస్తే ఈ బాధ ఉండదు, దానికయ్యే ఖర్చు వందల్లోనే ఉంటుంది. ఇంత ఖరీదైన సెట్టులో ఆ కొద్ది డబ్బు దగ్గర చేయి వెనక్కి తీసుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తున్నది.

అసలు భయం మరునాడు ఘాటీ దిగేటప్పుడు కలిగింది. రెండో గేరులోనే దిగుతున్నాను, బ్రేకు అవసరమైనంతే నొక్కుతున్నాను. సగం దిగేసరికి కాలిన వాసన మొదలైంది, పెడలు మామూలు కంటే లోపలికి వెళుతున్నట్టు అనిపించింది. సుంకి దాటాక ఒక టీ దుకాణం దగ్గర ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గరకు చెయ్యి తీసుకుపోలేనంత వేడి. వెనక డ్రమ్ములు మాత్రం పొయ్యి మీద నుంచి దించి గంటయిన అన్నం గిన్నెలా గోరువెచ్చగా ఉన్నాయి. క్యాంపర్ బరువంతా వెనక ఉంటే, ఆపే పని అంతా ముందు చక్రాలే చేశాయన్నమాట.

నా బండిలాంటి చాలా పికప్‌లలో వెనక బ్రేకులకు లోడ్ సెన్సింగ్ వాల్వు అని ఒకటి ఉంటుంది. వాల్వు ఛాసిస్ మీద ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ ఇరుసును అందుకుని ఉంటుంది. బరువు వేస్తే ఛాసిస్ దిగి కడ్డీ కదులుతుంది, అప్పుడు వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడిని తగ్గించి ఉంచుతుంది, లేకపోతే తేలికగా ఉన్న వెనక చక్రాలు ఠక్కున పట్టేసి జారిపోతాయి. ఏర్పాటు చక్కనిదే గానీ ఒక చిక్కు ఉంది: ఆ వాల్వుకు బరువు తెలియదు, ఎత్తు మాత్రమే తెలుసు. నేను బెలూన్లతో వెనక భాగాన్ని 7 సెంటీమీటర్లు పైకి లేపేసరికి, బండి దాదాపు ఖాళీగా ఉందని అది నమ్మింది. నేను చూసిన ఏ రివ్యూలోనూ ఈ ముక్క లేదు, పెట్టెలో వచ్చిన కాగితంలోనూ లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో బ్రేకు బలాన్ని పంచే బళ్లలో సాధారణంగా ఈ కడ్డీ ఉండదు. మీ బండిలో ఏది ఉందో కిందకు వంగి చూసుకున్నాకే బెలూన్ల ఆలోచన చేయండి.

టీ తాగి, చక్రాలు చల్లబడ్డాక, మెల్లగా సాలూరు చేరాను. సాలూరు లారీల ఊరు, కమాన్ కట్టల, అంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టల పని చూసినవాళ్లకు అక్కడ కొదవ లేదు. ఒక పెద్దాయన షెడ్డు ముందు ఆపి విషయం చెప్పాను. ఆయన వంగి బెలూన్లను వేలితో ఒకసారి నొక్కి, నా వైపు చూసి, “ఏటి బాబూ, గాలి మీద బరువెట్టీసి ఘాటీ దిగొచ్చీసినావా?” అన్నారు. “తప్పయిపోయింది మేస్త్రిగారూ, ఇప్పుడేం చేయమంటారు?” అని అడిగితే, “ముందు కాటా ఏయించుకుని రా, తరవాత కమాను సంగతి సూద్దుం” అన్నారు. రెండు నెలల్లో నాకు దొరికిన అతి మంచి సలహా అదే.

కాటా మీద ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించాను. మొత్తం 2,690 కిలోలు. ముందు ఇరుసు మీద 1,080, వెనక ఇరుసు మీద 1,610. క్యాంపరూ మనుషులూ లేనప్పుడు అదే వెనక ఇరుసు మీద 820 ఉండేది. అంటే 790 కిలోలు పెరిగితే 9 సెంటీమీటర్లు దిగింది, సెంటీమీటరుకు సుమారు 88 కిలోలు. ఇప్పుడు వేళ్ల మీద లెక్క వేయండి: బెలూన్లు 7 సెంటీమీటర్లు లేపాయంటే 600 కిలోల పైచిలుకు అవే మోస్తున్నాయి, కమాన్లకు 200 కిలోలు కూడా పెరగలేదు. కమాన్ కట్ట తన మీద పడ్డ బరువును ముందు కొసన చుట్టలా ఉండే కన్ను దగ్గరా, వెనక కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్ దగ్గరా, రెండు చోట్ల ఛాసిస్‌కు అందిస్తుంది. బెలూను అలా కాదు, ఇరుసుకు సరిగ్గా పైన ఒక్కచోటే పొడుస్తుంది. క్యాంపర్ తోక ఇరుసు దాటి వెనక వేలాడుతూ ఉంటే, ప్రతి గోతిలోనూ ఛాసిస్ ఆ ఒక్క చోటు మీద వంగాలని చూస్తుంది. ఇతర దేశాల్లో బరువైన క్యాంపర్లు మోసిన పికప్‌ల ఛాసిస్‌లు క్యాబిన్ వెనక వంగిన ఫోటోలు మీరు చూసి ఉంటే, వాటి వెనక ఉన్న కథల్లో ఇది ఒకటి.

మా నాన్నగారు గోగునార కట్టలను నెల్లిమర్ల మిల్లుకు తోలే రోజుల్లో బండి ఎక్కే ముందు కమాన్ల వైపు ఒకసారి చూసేవారు. పట్టీల వంపు పోయి బల్లపరుపుగా కనబడితే రెండు కట్టలు దింపించేవారు. కమాను అలా కళ్లకు కనబడేలా బరువు చెబుతుంది. బెలూను ఆ చూపును కూడా మూసేస్తుంది, ఎంత వేసినా బండి ఠీవిగానే నిలబడుతుంది.

మేస్త్రిగారు కట్ట విప్పి, ఒక్కో పట్టీని సుత్తితో తట్టి ధ్వని విని, ఒక పట్టీని పగులు ఉందని పక్కన పడేశారు. సుద్దముక్కతో గీసి చూపిస్తే తప్ప ఆ పగులు నా కంటికి ఆనలేదు. దాని స్థానంలో కొత్తది వేసి, అదనంగా ఇంకొక పట్టీ చేర్చారు. మందం విషయంలో నేను తొందరపడి “లావుది వేసేయండి” అంటే ఒప్పుకోలేదు. ఆయన చెప్పిందే సరైనది, ఎందుకంటే పట్టీ గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, 7 మిల్లీమీటర్ల బదులు 8 వేస్తే ఆ పట్టీ దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిపడుతుంది. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు పాతవి మళ్లీ బిగించకుండా కొత్తవే వేశారు.

ఈ పని తరువాత ఖాళీ బండి ఎత్తు 57 న్నర, క్యాంపర్‌తో 51. నీళ్ల ట్యాంకును తోక భాగం నుంచి క్యాబిన్ వెనకకు, మీటరున్నర ముందుకు జరిపాను. ఆ ఒక్క మార్పుతోనే వెనక ఇరుసు మీద 30 కిలోలు తగ్గి ముందు ఇరుసు మీద పడ్డాయి. టీ జాయింటు తీసేసి రెండు విడి వాల్వులు పెట్టించాను. బెలూన్లలో ఇప్పుడు 18 పీఎస్ఐ మాత్రమే ఉంచుతున్నాను, ఎత్తు 53 దగ్గర నిలుస్తున్నది. బ్రేకు వాల్వు కడ్డీని సర్వీసు పుస్తకంలోని కొలత ప్రకారం సరిచేయించాను; ఇది మాత్రం ఇంటి దగ్గర స్పానరు పట్టుకుని చేసే పని కాదు. పోయిన వారం మళ్లీ సుంకి ఎక్కి దిగాను. మలుపుల్లో బండి ఒకసారి ఒరిగి అక్కడే ఆగింది. దిగాక ముందు చక్రాలు వేడెక్కాయి, వెనక డ్రమ్ములూ వేడెక్కాయి. ఆ వేడి చూసి నేను ఎంత సంతోషించానో మా ఆవిడకు అర్థం కాలేదు.

కమాన్లు గట్టిపడినంత మాత్రాన బండి మోయగల హద్దు పెరగదు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువే హద్దు, ఇరుసూ టైర్లూ బేరింగులూ మారలేదు కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు కనుక, క్యాంపర్ గురించీ కమాన్ల గురించీ రవాణా కార్యాలయంలో ముందే అడగండి. అధిక బరువుకు 2019 సవరణ తరువాత జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

ఇక తీర్పు. రబ్బరు బాగుంది, అతుకులు బాగున్నాయి, రెండు నెలల్లో గాలి చుక్క దిగలేదు. క్యాంపర్ దించేశాక కూడా 5 పీఎస్ఐ ఉంచితే మడత పడి నలిగిపోదు. అయినా పెట్టె మీద “బరువు మోస్తుంది” అని రాసినందుకు, ఆ ఇత్తడి ముక్క ఇచ్చినందుకు, బ్రేకు వాల్వు సంగతి చెప్పనందుకు నేను దీన్ని కొనమని చెప్పను. కమాన్లు సరిచేయించుకున్నవారు ఆఖరి రెండు సెంటీమీటర్ల కోసం కొనుక్కుంటే అభ్యంతరం లేదు. టీ జాయింటును ఒక కవరులో పెట్టి, ఈ వీడియో లింకుతో పాటు తయారీదారులకు తిరిగి పంపుతున్నాను. యూ బోల్టులు 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించాలని మేస్త్రిగారు చెప్పారు, ఓడోమీటరు లెక్కన ఇప్పటికి 480 అయ్యాయి, రేపు ఉదయం సాలూరు వెళుతున్నాను.