ఫ్లిప్పర్ బటన్ల మీద నుంచి చేతులు తీయండి బాబూ!

పోయిన వారం వీడియోలో పిన్‌బాల్ మెషీన్‌ని, అదే వాలు పెట్టెలో ఉక్కు బాల్ కిందికి జారిపోకుండా ఆడే ఆటని, నడుముతో ఓ తోపు తోశాను కదా. అంతే! "అన్నా, చీటింగ్!" అని ఒకడు. "దమ్ముంటే కదపకుండా ఆడు" అని ఇంకొకడు. ఒకాయనైతే "బెజవాడోళ్లంతా ఇంతే" అన్నాడు. ఆయనది గుంటూరు, ఆ సంగతి తర్వాత చూసుకుందాం.

నేనిప్పుడు ఇంకో మాట అంటున్నా, రాసిపెట్టుకోండి. చిప్పుల్లేకుండా కరెంటు స్విచ్చులతో, అంటే రిలేలతో నడిచే ఈ పాత మెషీన్‌లో మిమ్మల్ని గెలిపించేది బటన్ నొక్కితే లేచి బాల్‌ని కొట్టే ఫ్లిప్పర్లు కాదు. ముందు బాల్‌ని ఆటలోకి వదిలే స్ప్రింగు కడ్డీ, తర్వాత నడుము. ఫ్లిప్పర్లది మూడో నంబరే!

ఒళ్లు మండిందా? సరే, అసలు ఫ్లిప్పర్లు ఎప్పుడొచ్చాయి? 1947లో, గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ మెషీన్‌తో. మరి అంతకుముందు జనం బాల్ వదిలేసి దణ్ణం పెట్టుకుని కూర్చున్నారా? కడ్డీ లాగారు, మెషీన్ తోశారు. ఆటంటే అదే!

ఇంకోటి వినండి. న్యూయార్క్‌లో 1942 నుంచి పిన్‌బాల్‌కి నిషేధం, జూదమని. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన ఇది అదృష్టం కాదు, నేర్పని సిటీ కౌన్సిల్ వాళ్ల ముందు ఆడి చూపించాడు. కడ్డీ పట్టుకుని, బాల్ పైనున్న సందుల్లో మధ్యదాంట్లోంచే వెళ్తుందని ముందే చెప్పి మరీ వదిలాడు. వెళ్లింది! నిషేధం ఎత్తేశారు. ఆ దెబ్బకి ఫ్లిప్పర్ ముట్టుకోలేదు తమ్ముడూ, కడ్డీ ఒక్కటే.

మీరేమో ఆ కడ్డీని తారాజువ్వ వదిలినట్టు బలమంతా పెట్టి లాగుతారు. ఎంత లాగితే ఏ సందులో పడుతుందో చూసుకోరు. గోరంత తేడాకి పక్క సందులోకి పోతుందండీ అది!

మా ఫ్రెండ్ వాళ్ల బాబాయి అమెరికా నుంచి తెచ్చుకున్న మెషీన్ ఇప్పుడు ఆటోనగర్‌లో ఓ షెడ్డులో ఉంది. మొన్న స్కోరు చక్రాలు తిరక్కపోతే పక్క షెడ్డు మెకానిక్‌ని పిలిచాం. వెనక తలుపు తీసి నవ్వాడాయన. "చిప్పు లేదు, బోర్డు లేదు, అన్నీ పాయింట్లే! పాత స్కూటర్ పాయింట్లలాగే ఉన్నాయి సార్" అని ఆ కరెంటు తగిలే కొసల్ని తుడిచి పెట్టాడు. గడగడా తిరిగింది. మా వాడు మూడు రోజులు గూగుల్‌లో వెతికాడు దీనికి.

మెషీన్ తెరిచినప్పుడే టిల్ట్ కూడా చూశా, అంటే మెషీన్‌ని మరీ ఊపితే పట్టేసే ఏర్పాటు. ఏముందనుకున్నారు? తాపీ మేస్త్రి గోడకి వేలాడదీసే గుండు లాంటిది ఒకటి, చుట్టూ రింగు. గుండు రింగుకి తగిలిందా, బాల్ పోయె, దాంతోపాటు బోనస్ స్కోరు పోయె. చిన్న తోపు ఒక్కదానికి తగలదు, ఊగుతుంది. అది ఊగుతుండగానే రెండోసారి తోశారనుకోండి, ఉయ్యాల్ని సరిగ్గా టైముకి ఊపినట్టే. తగిలి తీరుతుంది! అందుకే ఓసారి తోశాక, గుండు నిలబడేదాకా ఆగండి. మా మెషీన్‌లో ఆఖరి బాల్‌కి బోనస్ డబుల్. అక్కడ టెన్షన్‌లో రెండు తోపులు తోశానో, కొంప మునిగినట్టే.

ఇప్పుడు చెప్పండి. తోయడం తప్పయితే ఆ గుండుకీ రింగుకీ మధ్య ఖాళీ ఎందుకు పెట్టారయ్యా? అసలు ఫ్లిప్పర్‌కి అవతల, అంచున ఉన్న సందులోంచి కిందికి జారే బాల్‌ని మీ ఫ్లిప్పర్ అందుకుంటుందా? అందదు! అది ఆ సందు దగ్గరి చిన్న గుంజకి తగిలే క్షణంలో అరంగుళం తోపే దిక్కు.

ఫ్లిప్పర్లు వద్దనట్లేదు. రెండూ ఒకేసారి టకటకా కొట్టకండి అంటున్నా. రెండూ లేస్తే మధ్యలో గేటు తెరిచి బాల్‌కి దారిచ్చినట్టే! అది ఫ్లిప్పర్ మీదికి నేరుగా వస్తే ఒక్కోసారి చేతులు ముడుచుకోండి. దానంతట అదే ఎగిరి రెండో ఫ్లిప్పర్ మీదికి పోతుంది. నా మాట నమ్మకండి, చూసి నమ్మండి.

గుంటూరు అన్నా, ఆదివారం ఆటోనగర్ వచ్చేయ్. నా బటన్ల మీద టేపు అంటించేస్తా, కడ్డీతో, నడుముతో ఆడతా. నువ్వు ఫ్లిప్పర్లతో ఆడు, మెషీన్ కదపకుండా. ఓడినవాడు పునుగులు తినిపించాలి. కెమెరా ఆన్‌లోనే ఉంటుంది.